ఎడమ మడమ లెక్క: గేరు బండి నేర్చుకున్న నా అనుభవం

2025 జూన్‌లో పాడేరు దగ్గరి ఒక చిన్న ప్రాథమిక పాఠశాలకు నాకు బదిలీ అయింది. పాడేరులో గది అద్దెకు తీసుకున్నాను. గది నుంచి బడికి 19 కిలోమీటర్లు. అందులో 13 కిలోమీటర్లు తారు రోడ్డు, మిగిలిన 6 కిలోమీటర్లు గ్రావెల్, వాన పడితే ఎర్రబురద, మధ్యలో ఒక కొండ ఎక్కి దిగాలి. అనకాపల్లిలో తొమ్మిదేళ్లు గేరు లేని స్కూటరు నడిపిన ధైర్యంతో మొదటి వారమే దాన్ని పైకి తెప్పించుకున్నాను. జూన్ 26న గ్రావెల్ మీద దిగుతుండగా దాని చిన్న చక్రం గోతిలో కూరుకుపోయి, పొట్ట భాగం రాతికి తగిలి పగిలింది. మర్నాటి నుంచి షేరు జీపే దిక్కయింది. పోను అరవై, రాను అరవై. పైగా జీపు నిండితేనే కదిలేది.

అనకాపల్లిలో మా అమ్మ తమ్ముడికి ముప్పై ఏళ్లుగా మెకానిక్ షెడ్డు ఉంది. మావయ్యతో విషయం చెప్పగానే, పెద్ద బళ్ల జోలికి పోవద్దని, పడిపోతే ఒంటరిగా లేపుకోగలిగిన బండే కొండల్లో మంచిదని అన్నాడు. వారం తిరక్కుండానే 2014 నాటి స్ప్లెండర్ ప్లస్ ఒకటి 31,000 రూపాయలకు కుదిర్చాడు. 97.2 సీసీ ఇంజను, నాలుగు గేర్లు, 18 అంగుళాల చక్రాలు, బరువు నూట పది కిలోలకు అటూ ఇటూ.

మొదటి ఆశ్చర్యం బండి వల్ల కాదు, నా లైసెన్సు వల్ల కలిగింది. అది గేరు లేని బళ్లకు మాత్రమే చెల్లుతుందట. తొమ్మిదేళ్లుగా పర్సులో పెట్టుకు తిరుగుతున్నా ఆ ముక్క ఏనాడూ చదవలేదు. కాబట్టి మళ్లీ ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్లకిచ్చే తాత్కాలిక లైసెన్సు) తీసుకోవాలి, తీసుకున్న 30 రోజుల తరువాతే పరీక్షకు వెళ్లాలి. సెలవు పెట్టి జూలై 18న ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నాను. పరీక్షకు ఆగస్టు 22న స్లాటు దొరికింది. రుసుములు, ఫొటోకాపీలు, రెండుసార్లు వెళ్లివచ్చిన ఛార్జీలు కలిపి 1,800 వరకు అయింది. ఆ ఐదు వారాల నిరీక్షణ అప్పుడు విసుగనిపించింది గాని, నాకు అందులో ఒక్క రోజు కూడా ఎక్కువ కాలేదు.

జూలై 20, ఆదివారం ఉదయం ఆరు గంటలకు మొదటి పాఠం. చోటు అనకాపల్లి ఊరి చివర ఉన్న ఆటస్థలం. బండి ఎక్కి కూర్చున్నాక నా ఎడమ పాదం గేరు రాడ్డు మీద సరిగ్గా ఆనడం లేదని తెలిసింది. ఆ రాడ్డుకు ముందొక తొక్కు, వెనకొక తొక్కు ఉంటాయి. ముందుది వేళ్లతో నొక్కితే గేరు పెరుగుతుంది, వెనకది మడమతో నొక్కితే తగ్గుతుంది. మగవాళ్ల పాదానికి తగ్గట్టు అమర్చిన ఆ దూరం నా అయిదో నంబరు చెప్పుకు అందలేదు. మడమ కోసం పాదాన్ని ఫుట్‌రెస్టు మీద నుంచి పూర్తిగా ఎత్తాల్సి వస్తోంది. మావయ్య పదో నంబరు స్పానరుతో రాడ్డు బోల్టు వదులు చేసి, రాడ్డును బయటికి లాగి, పళ్లున్న ఇరుసు మీద ఒక్క పన్ను తిప్పి మళ్లీ బిగించాడు. రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. గేరు బండి మాకు అందదని ఊరుకునే ఆడవాళ్లకు ఈ ఒక్క సంగతి చెప్పాలని అప్పుడే అనుకున్నాను. చెప్పులు మాత్రం పనికిరావు. 450 రూపాయలు పెట్టి కాన్వాసు బూట్లు కొనుక్కున్నాను.

ఆ రోజు గంటన్నరలో బండిని ఇరవై రెండుసార్లు ఆపేశాను. క్లచ్చు, అంటే ఇంజనును చక్రం నుంచి విడదీసే ఎడమచేతి లివరు, వదలడం రాదు. వదిలితే బండి ముందుకు ఎగిరి చచ్చిపోతుంది, వదలకపోతే ఇంజను అరుస్తూ ఉన్నచోటే ఉంటుంది. మావయ్య విసుక్కోలేదు. "ఒక్కసారిగా వదిలీకమ్మా. నిద్దరోయిన పిల్లని చంకలోంచి మంచం మీద దింపుతావు సూడు, అలాగ వదులు" అన్నాడు. ఆ మాట తరువాత మూడో ప్రయత్నానికే బండి కదిలింది. నాకు ఇద్దరు పిల్లలు. ఆ దించడం నా చేతులకు బాగా తెలిసిన పనే.

తరువాతి ఆదివారం వెనక చక్రంతో పని మొదలైంది. స్కూటరుకు రెండు బ్రేకులూ చేతుల్లోనే ఉంటాయి, అందువల్ల ఏ చేత్తో ఏ చక్రాన్ని ఎంత పట్టుకుంటున్నానో తొమ్మిదేళ్లలో ఎన్నడూ ఆలోచించలేదు. ఇక్కడ వెనక బ్రేకు కుడికాలి కింద ఉంది. 2019 ఏప్రిల్ తరువాత అమ్మిన చిన్న బళ్లకు ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలూ పట్టే ఏర్పాటు వచ్చింది గాని, మాది అంతకు ముందుది. కాలి బ్రేకు తొక్కితే వెనక చక్రం ఒక్కటే ఆగుతుంది. నేర్చుకునేవాళ్లకు ఇదే మేలని మావయ్య వాదన. ఏ బ్రేకు ఏ చక్రానిదో కలగాపులగం కాదట.

ఆయన నేర్పిన పద్ధతి వింటే కొందరికి భయం వేస్తుంది. ఆటస్థలంలో మట్టి పొడిగా, చిన్న రాళ్లతో ఉన్నచోట, రెండో గేరులో 20 కిలోమీటర్ల వేగంతో నేరుగా వెళ్లి, కావాలనే కాలి బ్రేకును గట్టిగా తొక్కి వెనక చక్రాన్ని బిగించమన్నాడు. మొదటిసారి పాదం ఒప్పుకోలేదు, సగంలోనే వదిలేసింది. రెండోసారి తొక్కాను. గరగరమని చప్పుడు వచ్చి, బండి వెనక భాగం కుడివైపుకు జారి, నా నడుము కింద నుంచి ఎవరో చాప లాగినట్టయింది. చూపు ముందున్న వేపచెట్టు మీదే ఉంచి, హ్యాండిల్ తిప్పకుండా, పాదం మెల్లగా ఎత్తితే బండి దానంతట అదే తిన్నగా అయింది. అలా ఆ రోజు పదిహేనుసార్లు, మరో రెండు ఆదివారాలు పదేసిసార్లు చేశాను. జారడం మొదలయ్యే ముందు పాదం కింద తొక్కులో సన్నటి వణుకు ఒకటి వస్తుంది. అది తెలిసేదాకా ఆయన నన్ను తారు రోడ్డు ఎక్కనివ్వలేదు. ముందు చక్రాన్ని మాత్రం మట్టి మీద ఎప్పుడూ బిగించనివ్వలేదు. వెనకది జారితే సరిచేసుకునే వ్యవధి ఉంటుందని, ముందుది జారితే పడ్డాకే తెలుస్తుందని చెప్పాడు.

ఆగస్టు 3న మరో సంగతి బయటపడింది. తారు రోడ్డు మీద మూడో గేరులో 40 వేగంతో వెళ్తూ, మలుపు వస్తోందని మడమతో ఒక్కటి నొక్కి రెండో గేరు వేసి, క్లచ్చును అలవాటు చొప్పున టక్కున వదిలాను. బ్రేకు ముట్టుకోనేలేదు. అయినా వెనక టైరు కీచుమంది, బండి గెంతింది. ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు. షెడ్డుకు వచ్చాక మావయ్య బండిని సెంటర్ స్టాండు వేసి, ఇంజను ఆపి, గేరులో ఉంచి వెనక చక్రాన్ని చేత్తో తిప్పమన్నాడు. నాలుగో గేరులో బరువుగానైనా తిరిగింది. రెండో గేరులో రెండు చేతులూ పట్టాల్సి వచ్చింది. మొదటి గేరులో నా బలం చాలలేదు. ఇంజను పట్టంతా చెయిను ద్వారా ఆ ఒక్క చక్రానికే చేరుతుందని నా చేతులకు అప్పుడు తెలిసింది. కుడికాలి కింద ఉన్నది ఒక వెనక బ్రేకైతే, ఎడమకాలి కింద ఉన్నది రెండోది. వేగం ఎక్కువగా ఉండగా చిన్న గేరు వేసి క్లచ్చు గభాలున వదలడం కాలి బ్రేకును గట్టిగా తొక్కినట్టే. అప్పటి నుంచి గేరు తగ్గించేటప్పుడు క్లచ్చు పట్టి ఉండగానే కొంచెం రేజు ఇచ్చి, ఇంజను వేగం పెరిగాక మెల్లగా వదలడం సాధన చేశాను. నేను నేర్చుకున్నవాటిలో ఎక్కువ కాలం పట్టింది ఇదే. చేయి, కాలు జత కుదరడానికి నెలన్నర పట్టింది.

ఆగస్టు 22న పరీక్షకు పది గంటలకు రమ్మన్నారు, నా వంతు ఒంటిగంట దాటాక వచ్చింది. ఎండలో నిలబడిన మూడు గంటలతో పోలిస్తే ఎనిమిది ఆకారం ట్రాక్ మీద పని నిమిషం కూడా పట్టలేదు. మొదటి గేరు, సమంగా రేజు, సగం క్లచ్చు, కాలి బ్రేకు మీద ఈకంత బరువు. ముందు బ్రేకు అసలు ముట్టుకోలేదు. వెనక చక్రాన్ని అలా కొంచెం పట్టి ఉంచితే నెమ్మదిగా నడిచే బండి ఊగకుండా నిలకడగా ఉంటుంది. నా ముందు 150 సీసీ బండి మీద వచ్చిన కుర్రవాడు రెండో వంపులో కాలు దించాడు, పాపం. నేను పాసయ్యానని ఫోనుకు సందేశం వచ్చాక మొదట మావయ్యకే చెప్పాను. 24వ తేదీకి ఆటస్థలంలో వినాయక చవితి పందిరికి గుంజలు పాతేశారు. ఆ గుంజల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ చివరి పాఠం పూర్తిచేశాను.

ఆగస్టు 31న బండిని పాడేరుకు నడిపించుకు వెళ్లాను. మావయ్య కొడుకు తన బండి మీద ముందు నడిచాడు. చోడవరం, మాడుగుల దాటేదాకా ఏమీ లేదు. గరికబంద దాటి ఘాట్ మొదలయ్యాక మొదటి పెద్ద మలుపులోనే తప్పు చేశాను. మూడో గేరులో మలుపులోకి వెళ్లి, బండి దగ్గడం మొదలుపెట్టాక, మలుపు మధ్యలో ఒంగి ఉండగా గేరు తగ్గించబోయాను. క్లచ్చు పట్టిన ఆ ఒక్క క్షణం వెనక చక్రానికి లాగుడు లేకపోయింది, బండి లోపలికి వాలిపోబోయింది. కాలు దించి నిలబెట్టాను. వెనక వస్తున్న బస్సు డ్రైవరు హారను కొట్టకుండా ఆగినందుకు ఆయనకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. ఘాట్‌లో మోదకొండమ్మ పాదాలు అనే చోట ఆగినప్పుడు మావయ్య కొడుకు, "వదినా, మలుపులో గేరు ముట్టుకోకు. ముందే రెండులో వేసేసి, మలుపంతా లాగుతూనే ఉండు" అన్నాడు. పైకి చేరేసరికి రెండు గంటలు పట్టింది, మోచేతులు రెండు రోజులు నొప్పి పెట్టాయి.

సెప్టెంబర్ 9, మంగళవారం జరిగినదాని గురించే ఇదంతా రాయాలనిపించింది. బడి వైపు కొండ దిగుతున్నాను. తారు అయిపోయి గ్రావెల్ మొదలయ్యే చోట ఎడమకు తిరిగే మలుపు ఉంది. మూడో గేరులో వస్తూ మడమతో ఒకటి నొక్కి రెండులోకి వచ్చాను. ఇంకొంచెం నెమ్మదించాలనిపించి మరొకటి నొక్కాను. భయంలో మడమ తనంతట తానే మూడోసారి నొక్కింది. ఈ బండిలో గేర్ల వరుస న్యూట్రల్ (ఏ గేరూ పడని స్థితి), ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ఉంటుంది. అంటే మడమతో నొక్కుకుంటూ పోతే ఒకటి దగ్గర ఆగదు, న్యూట్రల్‌కు పోతుంది. ఒకటో గేరు కింద, న్యూట్రల్ ఒకటికీ రెండుకూ మధ్య ఉండే బళ్లలో ఎన్నిసార్లు కిందికి నొక్కినా ఒకటి దగ్గరే ఆగుతుంది. నా బండికి ఆ అడ్డు లేదు. సిగ్నల్ దగ్గర ఎంతో సుఖంగా అనిపించిన ఏర్పాటు దిగుడులో అలా ఎదురుతిరిగింది.

క్లచ్చు వదిలాను. ఇంజను చప్పుడు ఒక్కసారి తగ్గిపోయింది. నెమ్మదించాల్సిన బండి తేలికై పరుగందుకుంది. పచ్చ దీపం వెలిగే ఉంటుంది, కాని ఎదుటి ఎండలో అది కనిపించలేదు. రెండు బ్రేకులూ పట్టాను. వెనక చక్రం బిగిసి గరగరమని కుడికి జారింది. ఆ చప్పుడు నాకు ఆటస్థలం నుంచి పరిచయమే కాబట్టి కాబోలు, పాదం నేను చెప్పకుండానే కొంచెం ఎత్తింది. బండి తిన్నగా అయింది, మళ్లీ తొక్కాను, మళ్లీ ఎత్తాను. అంచున పేర్చిన రాళ్లకు రెండు అడుగుల ఇవతల ఆగాను. బండి స్టాండు వేసి పక్కన కూర్చుంటే మోకాళ్లు వణకడం ఆగడానికి పావుగంట పట్టింది. ఆ రోజు బడికి ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. కారణం హెడ్‌మాస్టరు గారికి చెప్పలేదు.

అప్పటి నుంచి నాకు నేను రెండు నియమాలు పెట్టుకున్నాను. దిగుడులో నా అట్టడుగు గేరు రెండు; ఒకటో గేరు బండి పూర్తిగా ఆగబోయేటప్పుడే. మడమతో ఒక్కటి నొక్కగానే క్లచ్చు వదిలి, ఇంజను చక్రాన్ని పట్టుకున్నట్టు ఒంటికి తెలిశాకే రెండో నొక్కు. రెండు నొక్కులను ఒకే క్లచ్చులో కలపను. దీనివల్ల కొంచెం ముందుగా మొదలుపెట్టాల్సి వస్తుంది, అంతే. పొరపాటున న్యూట్రల్ పడితే కంగారులో వేళ్లతో ఒక్కటి నొక్కి ఒకటో గేరు వేయకూడదని, రెండుసార్లు నొక్కి రెండులోకి వెళ్లి, రేజు ఇచ్చి వదలాలని మావయ్య ఫోనులో చెప్పాడు. ఆ వేగంలో ఒకటి పడితే వెనక చక్రం బిగిసి జారుతుంది.

మా బడి వంటమ్మ కొడుకు ఇదే దారిలో రోజుకు రెండుసార్లు తిరుగుతాడు. దిగేటప్పుడు అతను ఇంజను ఆపేసి న్యూట్రల్‌లో వదిలేస్తాడు, "పెట్రోలు మిగులుద్ది మేడం" అంటాడు. ఒకరోజు కింద ఆగాక అతని బండి వెనక బ్రేకు డ్రమ్ము మీద సీసాలో నీళ్లు పోస్తే సుయ్యిమని ఆవిరి లేచింది, మాడిన వాసన వచ్చింది. మిగిలిన పెట్రోలు విలువ ఎంతో నాకు తెలియదు గాని, బ్రేకు షూల ధర తెలుసు. అతని దగ్గర నేర్చుకోవలసింది మాత్రం వేరే ఉంది.

సెప్టెంబర్ 18న రాత్రంతా వాన పడింది. ఎర్రబురదలో మొదటి గేరులో వెళ్తే బలం ఎక్కువ ఉంటుంది కదా అనుకున్నాను. బలం ఎక్కువైనందుకే చక్రం ఉన్నచోట గిర్రున తిరిగి గుంట తవ్వింది. భయపడి రేజు మొత్తం వదిలాను. అప్పటిదాకా తిరిగిన చక్రాన్ని ఇంజను బిగించినట్టయి, వెనక భాగం పక్కకు తన్నింది, నేను ఎడమవైపు పడ్డాను. వేగం పది కూడా లేదు. మోకాలు చెక్కుకుపోయింది, క్లచ్చు లివరు విరిగింది, అద్దం పగిలింది, ఫుట్‌రెస్టు వంగింది. మొత్తం 340 రూపాయలు. టీటీ ఇంజెక్షను ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే వేశారు. వంటమ్మ కొడుకు వచ్చి, అదే బురదలో రెండో గేరు వేసి, సీటు మీద వెనక్కి జరిగి కూర్చుని, సగం క్లచ్చుతో, రేజు పెంచకుండా తగ్గించకుండా బండిని అవతలికి తీసుకుపోయాడు. "ఒకటిలో తవ్వుద్ది మేడం, రెండులో నడుస్తాది" అన్నాడు. తన బరువంతా వెనక చక్రం మీద వేశాడన్నది నేను తరువాత గమనించాను.

ఈ సగం క్లచ్చుకు ఒక ఖరీదుంది. దసరా సెలవుల ముందు రోజుల్లో ఎత్తు ఎక్కుతుంటే ఇంజను అరుస్తోంది గాని బండి లాగడం లేదు, కాలిన వాసన వస్తోంది. క్లచ్చు ప్లేట్లు అరిగిపోయాయి. ఆయిలుతో కలిపి 1,250 అయింది. రెండు నెలల్లో ప్లేట్లు తినేసినందుకు చీవాట్లు పెడతాడనుకున్నాను, కాని మావయ్య విప్పిన ప్లేట్లు చూసి నవ్వి ఊరుకున్నాడు. అప్పుడే కాలి బ్రేకు కూడా చూశాడు. తొక్కు పట్టే ముందు కిందికి దిగే దూరం రెండు మూడు సెంటీమీటర్లు ఉండాలట, నాది దాదాపు అయిదు ఉంది. వెనక బ్రేకు రాడ్డు చివరి నట్టును నాలుగు చుట్లు తిప్పితే సరిపోయింది. ఇప్పుడు నెలకోసారి నేనే తిప్పుకుంటున్నాను. గాలి విషయంలోనూ అంతే: బంకులో అడగకపోతే వెనక చక్రానికి నలభై దాకా కొట్టేస్తారు. ఒంటరిగా వెళ్లే నాకు 28 చాలు. ఆ తేడా గ్రావెల్ మీద మొదటి కిలోమీటరులోనే తెలిసింది.

నవంబర్ 16న వెనక టైరు మార్పించాను, బిగింపుతో 1,700. విప్పిన పాత టైరును మావయ్య వెలుతురులో తిప్పి చూపించాడు. నడిమి గీతలు అంతటా అరిగాయి గాని, రెండుమూడు చోట్ల అరచెయ్యి వెడల్పున పూర్తిగా నునుపుగా, బల్లపరుపుగా ఉంది. ఆటస్థలంలో బ్రేకు బిగించి జార్చిన గుర్తులు అవి. కొత్త టైరు నిగనిగ పోయేదాకా, వంద కిలోమీటర్లయినా, మలుపుల్లో వాల్చొద్దని చెప్పి పంపాడు. అందుకని ఆ వారమంతా గది నుంచి పది నిమిషాలు ముందు బయలుదేరాను.